చుర్రుమందా, మండిందా?

సందేహం: దోసె పెనం అంచు వేలికి తగిలి "చుర్రుమంది" అన్నాను. "చుర్రుమనేది పెనం, వేలు మండుతుంది" అని మా అబ్బాయి దిద్దాడు. ఏది ఒప్పు? పచ్చిమిరపకాయలు తరిగినా చేయి మండుతోందనే అంటాం. నిప్పే లేనిచోట ఆ మాట సరైనదేనా?

సమాధానం: రెండూ ఒప్పే. కాకపోతే ఒకదాని వెనక ఒకటి వస్తాయి. పెనం తగలగానే వేలి చర్మంలోని నాడుల కొసలు రెండు దారుల్లో వెన్నుపాముకు కబురు పంపాయి. (నరం అనకుండా నాడి అంటున్నాను. సెలైన్ పెట్టేటప్పుడు "నరం దొరకలేదు" అంటారే, అది రక్తనాళం.) మొదటి దారిలోని తంతువులకు మైలిన్ అనే పల్చటి కొవ్వు తొడుగు ఉంటుంది. వాటిలో కబురు సెకనుకు 5 నుంచి 30 మీటర్ల వేగంతో పోతుంది. మీకు చుర్రుమన్నది అదే. రెండో దారి తంతువులు మరీ సన్నం, తొడుగు కూడా ఉండదు. వేగం సెకనుకు అర మీటరు నుంచి 2 మీటర్లే. అందుకే మంట కాస్త వెనకపడి వచ్చి, వచ్చాక పోనంటుంది. వేలు వెనక్కి లాక్కోమని చెప్పింది మెదడు కూడా కాదు, వెన్నుపామే.

ఈ తేడా మన వ్యాకరణంలోనే ఉంది. ధ్వన్యనుకరణానికి "అను" చేర్చి చురుక్కుమంది, జివ్వుమంది, నడుము కలుక్కుమంది అంటాం. ఇవి ఎక్కువగా ఠక్కున తగిలే బాధలు. నిలిచి వేధించేవాటికి మాత్రం అసలు క్రియలే వాడతాం: పుండు సలుపుతోంది, కాళ్లు పీకుతున్నాయి, పిక్క లాగుతోంది. "ఎండ చురుక్కుమంటోంది" అంటాం కదా అంటారేమో. అక్కడా మళ్లీ మళ్లీ తగిలే చురుకులే. ఇన్ని మాటలుండగా అన్నిటినీ "పెయిన్" అనేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. డాక్టరు దగ్గరైనా సలుపును సలుపనే చెప్పండి, ఆయనకూ అదే పనికొస్తుంది.

ఇక మిరపకాయ. దాని మంట అలంకారం కాదు, అచ్చమైన మంటే. నాడుల కొసల్లో సుమారు 43 డిగ్రీలు దాటిన వేడికి తెరుచుకునే ద్వారాలున్నాయి. మిరపలోని క్యాప్సైసిన్ సరిగ్గా వాటినే తెరుస్తుంది. 1997లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం దీన్ని కనుక్కుంది, 2021 నోబెల్‌లో ఆయనకు వాటా దక్కింది. కాయలు తరిగిన చేతిని ఈసారి గోరువెచ్చని నీళ్లలో పెట్టి చూడండి. కాగే నీళ్లలో ముంచినట్టే ఉంటుంది.