రోడ్డు సైకిల్ కొన్న అల్లుడికి

అల్లుడూ,

రోడ్డు సైకిల్ కొన్నావని, వచ్చే ఏడాది రేసులో దిగుతానంటున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమైంది. స్పీడ్ ఎట్ల పెంచాలని అడిగావు. దానికి ముందు సీటు సంగతి చూడు.

గోడ పట్టుకుని సైకిల్ మీద కూర్చో. మడమ పెడల్ మీద పెట్టి పూర్తిగా కిందికి తెస్తే కాలు నిటారుగా రావాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి మోకాలు కొంచెం వంగుతుంది. ఆ ఎత్తు చాలు. కాళ్లు నేలకు ఆనాలని సీటు దించుకుంటే మోకాలి చిప్ప దగ్గర నొప్పి మొదలవుతుంది. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ నిక్కరు ఒకటి కొనుక్కో. దాని లోపల ఇంకేమీ వేసుకోకు, కుట్లు ఒరుసుకుని పుండ్లు పడతాయి.

పెద్ద గేరు వేసి బలంగా తొక్కితేనే స్పీడ్ వస్తుందని కుర్రాళ్లు అనుకుంటారు. అట్ల తొక్కితే తొడలు గంటలోపే బిగుసుకుపోతాయి. తేలిక గేరులో వేగంగా తిప్పితే భారం గుండె మీదికి, ఊపిరి మీదికి పోతుంది, అవి తొందరగా తేరుకుంటాయి. నిమిషానికి 80 నుంచి 90 సార్లు తిప్పడం అలవాటు చేసుకో. 15 సెకన్లలో కుడి మోకాలు 20 సార్లకు పైగా లేస్తే సరిగ్గా తొక్కుతున్నట్టే. చడావు మొదలయ్యే ముందే గేరు తగ్గించు. సగం ఎక్కాక బలమంతా చైను మీద పెట్టి మారిస్తే చైను జారిపోతుంది. ఈ ఒక్క అలవాటు కోసమే మొదటి రెండు నెలలు ఖర్చుపెట్టినా నష్టం లేదు, స్పీడ్ మీటరు చూసుకోవడం తర్వాత.

ఆ రెండు నెలలు మన నల్లగొండ గడియారం సెంటర్ నుంచి పానగల్ దాకా పోయి రా, అలవాటయ్యాక కనగల్ వైపు పెంచు. పక్కవాడితో మాట్లాడగలిగేంత మెల్లగా తొక్కు. వారానికి పదో వంతు కంటే ఎక్కువ దూరం పెంచకు. హైదరాబాద్–విజయవాడ హైవే మీదికి ఇప్పుడే వద్దు. ఎండాకాలం ఐదున్నరకే బయల్దేరి ఎనిమిదికల్లా ఇంట్లో ఉండాలి. హెల్మెట్, వెనక ఎర్ర లైటు లేకుండా గేటు దాటకు. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకోసారి రెండు గుక్కల నీళ్లు తాగు. గంట దాటే రైడ్ అయితే అరటిపండో, పల్లీపట్టీనో జేబులో పెట్టుకో.

మన దిక్కు రోడ్ల గురించి సిటీ వాళ్లు రాసిన సలహాల్లో ఉండదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. వరి కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. సన్న టైరు వాటి మీద పడితే గోలీల మీద కాలు వేసినట్టే. దూరం నుంచే చూసి స్పీడ్ తగ్గించు. తప్పక వాటి మీదికి పోతే బ్రేకు పట్టకు, హ్యాండిల్ తిప్పకు, నేరుగా పోనీ. టార్పాలిన్ ఎగరకుండా అంచున పెట్టిన రాళ్లను చీకట్లో ప్రత్యేకంగా చూసుకో. కుక్క వెంటపడితే దిగి సైకిల్‌ను మధ్యలో పెట్టుకో, చాలాసార్లు అదే ఆగిపోతుంది. తుమ్మముళ్లు ఎక్కువ కాబట్టి టైర్లు 28 మిల్లీమీటర్లవే వాడు. నీ బరువుకు 70, 80 పీఎస్ఐ గాలి చాలు. ఎక్కువ కొడితే ప్రతి గుంతకూ వెన్ను అదురుతుంది. ఇంకోటి, నీ ట్యూబుకు ఉండేది సన్నటి ప్రెస్టా వాల్వు. పంక్చర్ షాపు పంపు దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ దొరుకుతుంది, ఎప్పుడూ సంచిలో ఉండాలి.

ఇక రేసు. టైమ్ ట్రయల్‌లో ఒక్కొక్కరినీ విడివిడిగా వదులుతారు, ఎవరి వెనకా నక్కి పోకూడదు. రోడ్ రేసులో మాత్రం గుంపులో ఉండటమే తెలివి. ముందువాడు గాలిని చీలుస్తాడు కాబట్టి దగ్గరగా వెనక ఉన్నవాడికి నాలుగో వంతు దాకా శ్రమ తగ్గుతుంది. కానీ నీ ముందు చక్రం అతని వెనక చక్రం పక్కకు చేరకూడదు. అతను కొంచెం జరిగితే పడేది నువ్వే, నీ వెనకవాళ్లు కూడా. అందుకే గుంపులో తొక్కడం రానివాడు రేసులో దిగడం నాకు ఇష్టం ఉండదు. సైకిల్ బరువు తగ్గించడానికి వేలు పోయకు. అంతర్జాతీయ రేసుల్లోనే 6.8 కిలోల కంటే తేలిక సైకిల్‌ను ఒప్పుకోరు.

నన్నడిగితే రేసు కంటే ముందు 200 కిలోమీటర్ల బ్రెవే, అంటే టైమ్ లోపల పూర్తి చేసే దూరపు రైడ్, ఒకటి చెయ్యి. పదమూడున్నర గంటల టైమ్ ఇస్తారు, ఫస్టూ సెకండూ ఉండవు. తినడం, తాగడం, ఓపిక పట్టడం అన్నీ అందులోనే వస్తాయి. మెల్లటి రైడ్లతో దమ్ము కుదిరాక వారానికి ఒక్క రోజు మాత్రం నాలుగు నిమిషాలు గట్టిగా, నాలుగు నిమిషాలు మెల్లగా, నాలుగుసార్లు తొక్కు. మిగతా రోజులు తేలికే.

దసరాకు నేను వస్తున్నాను. హాలియా మీదుగా నాగార్జున సాగర్ దాకా పోదాం, 60 కిలోమీటర్ల పైమాటే. ఆలోపు ఇంటి ముందే వెనక చక్రం విప్పి ట్యూబు మార్చడం నేర్చుకో. పాత ట్యూబు తీశాక టైరు లోపల వేలితో నెమ్మదిగా తడిమి చూడు. ముల్లు అందులోనే ఉంటే కొత్త ట్యూబు కూడా పోతుంది.

నీ మామ