బరువు మామూలే, నడుం మాత్రం 84: కంగారు పడాలా?

మీరు రాసింది ఇదీ: వయసు 34, ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 54 కిలోలు. ఆఫీసులో పెట్టిన హెల్త్ క్యాంపులో నడుం 84 సెంటీమీటర్లు, పిరుదులు 95 అని రాసుకుని, పక్కన ఆ రెంటి నిష్పత్తి 0.88 వేసి, "హై రిస్క్" అని ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఇచ్చారు. ఎత్తుకి తగ్గ బరువుందా అని చెప్పే బీఎంఐ చూస్తే 22.5, నార్మల్. "దేన్ని నమ్మాలి? ఆడవాళ్ల ఆరోగ్యం టేపుతో తెలుస్తుందా, లేక ఇది కూడా ఫిగర్ గోలేనా?" అని అడిగారు.

నన్నడిగితే టేపునే నమ్మండి. కాకపోతే ఆ కొలత సరిగ్గా తీశారో లేదో ముందు చూసుకోండి. నేను డాక్టర్ని కాదు. కానీ నావీ అచ్చం మీలాంటి లెక్కలే, నాలుగేళ్ల కిందట నాకేం తేలిందో చెప్తాను.

అప్పుడు నాకు 41. ఎత్తు 152, బరువు 53 కిలోలు, బీఎంఐ 22.9. మా ఆఫీసులో అందరూ "నీకేంటి, ఏం తిన్నా ఒంటికి పట్టదు" అనేవాళ్లు. మధ్యాహ్నం భోజనం చేశాక కళ్లు మూతలు పడిపోయేవి. సాయంత్రానికి ఒళ్లంతా నీరసం. ఒక డాక్టరు దగ్గరికి వెళ్తే బరువు చూసి, "మీకు షుగర్ టెస్టులు ఎందుకమ్మా, రక్తం తక్కువగా ఉండుంటుంది" అని ఐరన్ మాత్రలు రాసిచ్చారు.

అసలు సంగతి పట్టుకున్నది మా అమ్మ. అమ్మ తెనాలిలో ముప్ఫై ఏళ్లుగా జాకెట్లు కుడుతోంది. ఆమె దగ్గర కొలతల పుస్తకాలు ఉంటాయి, అట్ట ఊడిపోయిన పొడుగు నోటుబుక్కులు. ఎవరివైనా పాత కొలతలు పారేయదు. ఆ ఏడాది సంక్రాంతికి వెళ్తే, జాకెట్టు బిగుతైందని ఇచ్చాను. తిప్పి చూసి, "మూడో కుట్టు కూడా విప్పేశాను అమ్మాయ్, ఇంక లోపల గుడ్డ లేదు" అంది. తర్వాత పుస్తకాలు తీసి నా పేజీలు చూపించింది. 2004లో, నా పెళ్లికి: నడుం 26 అంగుళాలు, సీటు (అంటే పిరుదుల కొలత) 35. రెండోవాడు పుట్టాక 2013లో: నడుం 31, సీటు 36½. ఆ రోజు కొలిస్తే నడుం 34, సీటు 37.

"నీ ఒళ్లు పెరగట్లేదే, నడుమొక్కటే పెరుగుతోంది" అంది అమ్మ.

పదిహేడేళ్లలో బరువు పెరిగింది ఎనిమిది కిలోలు. నడుం పెరిగింది ఎనిమిది అంగుళాలు. సీటు రెండే అంగుళాలు. అమ్మకి బీఎంఐ అంటే తెలీదు. కానీ ఏ డాక్టరూ రాసిపెట్టని నా పదిహేడేళ్ల చరిత్ర ఆమె పుస్తకంలో ఉంది. హైదరాబాద్ తిరిగొచ్చి వేరే డాక్టర్ని కలిసి టెస్టులు రాయించుకున్నాను. మూడు నెలల సగటు షుగర్, అదే హెచ్‌బీఏ1సీ, 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్ వాకిట్లో నిలబడ్డట్టే. ట్రైగ్లిజరైడ్స్, అంటే రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు, 212. మంచి కొలెస్ట్రాల్ 38, ఆడవాళ్లకి 50కి తగ్గకూడదు. స్కానింగులో లివర్‌కి కొవ్వు పట్టింది. బీపీ ఒక్కటే బాగుంది.

బీఎంఐ దీన్ని ఎందుకు పట్టుకోలేదంటే, అది చెయ్యగలిగిందే అంత. 1830ల్లో బెల్జియంలో కెటెలె అనే గణాంకవేత్త వేసిన లెక్క అది. మొత్తం జనాభాలో సగటు మనిషి ఎలా ఉంటాడో చూడ్డానికి వేశాడు. 1972లో ఆన్సెల్ కీస్ అనే అమెరికా శాస్త్రవేత్త దానికి ఇప్పటి పేరు పెట్టినప్పుడు ముందేసుకున్నవి మగవాళ్ల కొలతలు. బరువుని ఎత్తు వర్గంతో భాగిస్తే మీరెంత బరువో తెలుస్తుంది. ఆ బరువులో కండ ఎంత, కొవ్వు ఎంత, ఆ కొవ్వు ఎక్కడ కూర్చుంది అన్నది తెలీదు.

ఈ "ఎక్కడ" అన్నదే అసలు సంగతి. తొడల్లో, పిరుదుల్లో చేరే కొవ్వు చాలావరకు అక్కడే ఉండిపోతుంది, పెద్దగా అల్లరి చెయ్యదు. అది మేలే చేస్తుందని చెప్పే పరిశోధనలూ ఉన్నాయి. కడుపు లోపల, పేగుల చుట్టూ చేరేది వేరే రకం. అక్కణ్నించి వచ్చే రక్తం నేరుగా లివర్‌కి వెళ్తుంది కాబట్టి ఆ కొవ్వూ లివర్ మీదే పడుతుంది. ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యదు, ట్రైగ్లిజరైడ్స్ పెరుగుతాయి. వయసులో ఉన్నంతకాలం ఈస్ట్రోజన్ అనే హార్మోన్ మన కొవ్వుని కిందికే పంపుతుంది. ముట్లు ఆగే వయసు దగ్గర పడేకొద్దీ ఆ రక్షణ పోయి దారి పొట్ట వైపు మళ్లుతుంది. అందుకే నలభై దాటాక బరువు కదలకపోయినా లంగా బొందు మాత్రం చాలదు.

మన వాళ్లకి ఇంకో చిక్కుంది. పుణెకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన డాక్టర్ యుడ్కిన్ ఇద్దరూ పక్కపక్కన దిగిన ఫొటో 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం లండన్ ఆయనకి 9.1 శాతం, మన ఆయనకి 21.2 శాతం! చూడ్డానికి సన్నం, లోపల కొవ్వు. అందుకే ఇంటర్నెట్‌లో అమెరికా చార్టు చూసి "ఆడవాళ్లకి 35 అంగుళాల దాకా పర్లేదట" అని ఊరుకోకండి. మన ఆడవాళ్లకి పెట్టిన గీత 80 సెంటీమీటర్లు, అంటే 31½ అంగుళాలు. మగవాళ్లకి 90. మీ ఇంట్లో ఆయన్నీ కొలవండి, పనిలో పని.

ఇక మీ 84 సంగతి. ఆ రోజు చీరలో ఉన్నారా? కుచ్చిళ్ల మీద నుంచి టేపు చుట్టి ఉంటే మాత్రం ఆ కాగితం పక్కన పడెయ్యండి. మా క్యాంపులో నాకు అలాగే కొలిచారు, అంగుళంన్నర ఎక్కువ చూపించింది. దీనికి వ్యతిరేకమైన తప్పు ఇంకోటుంది. చాలామంది నడుం అంటే లంగా కట్టుకునే చోటు, లేదా ప్యాంటు సైజు అనుకుంటారు. పొట్ట కిందికి కట్టుకుంటాం కాబట్టి అది తక్కువ చూపిస్తుంది.

పొద్దున్నే, టిఫిన్‌కి ముందు, నైటీ పైకెత్తి ఒంటి మీదే కొలవండి. పక్కన వేలితో నొక్కితే చివరి పక్కటెముక తగులుతుంది. ఇంకాస్త కింద తుంటి ఎముక పైఅంచు తగులుతుంది. ఆ రెంటికీ సరిగ్గా మధ్యలో టేపు. అద్దం ముందు నిలబడితే వెనక టేపు జారిందో లేదో కనిపిస్తుంది. మామూలుగా ఊపిరి వదిలేశాక చూడండి. పొట్ట లోపలికి లాగకండి (అందరం లాగుతాం, నేను ఒంటరిగా ఉన్నప్పుడు కూడా లాగాను). పిరుదులకి అన్నిటికన్నా వెడల్పున్న చోట. బహిష్టు ముందు రోజుల్లో పొట్ట ఉబ్బుతుంది, అప్పుడు వద్దు.

టేపు లేకపోయినా పర్లేదు. ఒక దారం మీ ఎత్తుకి సరిగ్గా తెంపి, సగానికి మడిచి, నడుం చుట్టూ తిప్పండి. రెండు కొసలూ కలిస్తే మంచిదే. కలవకపోతే నడుం మీ ఎత్తులో సగం దాటింది. బ్రిటన్‌లో ఆరోగ్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ అనే సంస్థ 2022లో చెప్పింది ఇదే, నడుం ఎత్తులో సగానికి లోపు ఉంచుకోమని. మీ ఎత్తుకి అది 77½. మీది నిజంగా 84 అయితే కలవదు.

నడుముని పిరుదులతో భాగించే లెక్క, మీ 0.88, దాన్ని నేను అంతగా పట్టించుకోను. ఆడవాళ్లకి 0.85 గీత అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థదే. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో గుండెపోటు ముప్పుని బీఎంఐ కన్నా ఈ లెక్కే బాగా పట్టిందని 2005లో తేలింది. కాబట్టి పనికిరానిది కాదు. కానీ మనవాళ్లలో పిరుదులు సన్నగా ఉండేవాళ్లు ఎక్కువ, ఆ లెక్క కొంచెం ఎక్కువే వస్తుంది. పైగా తగ్గేటప్పుడు నడుముతో పాటు సీటూ తగ్గితే నిష్పత్తి కదలదు, మనకి నిరుత్సాహం వస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద నూటికి 57 మంది ఆడవాళ్లు ఈ గీత దాటినవాళ్లే. సగం మందికి పైగా ఎర్ర సున్నా పడే కాగితం అది. దాన్ని చూసి నిద్ర మానేయక్కర్లేదు, రక్తం టెస్టుకి వెళ్లమన్న చీటీ అనుకోండి చాలు.

ఫిగర్ గోల అన్నారు కదా. 36-24-36 అని ఒక లెక్క కాలేజీ రోజుల నుంచి వింటున్నాం, దానికీ ఆరోగ్యానికీ సంబంధం లేదు. సీటు 42 ఉండి నడుం 31 ఉన్న మా వదిన రిపోర్టులు నావాటికన్నా ఎప్పుడూ బాగుంటాయి. ఊళ్లో అందరూ లావు అనేది మాత్రం ఆవిణ్నే.

టేపుతో పాటు ఒకసారి మెడ వెనక చూసుకోండి. నాకు అక్కడ నల్లగా, మందంగా, ముఖమల్ లాగా ఉండేది. నల్లపూసల గొలుసు ఒరుసుకుని అనుకుని ఐదేళ్లు శనగపిండి, నిమ్మకాయ పెట్టి రుద్దాను. ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యకపోతే అలా వస్తుందని డాక్టర్ చెప్పాక రుద్దడం మానేశాను. నెలసరి క్రమం తప్పుతుంటే, గడ్డం మీద వెంట్రుకలు వస్తుంటే పీసీఓడీ (అండాశయాలకి సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉందేమో కూడా అడగండి. కాన్పప్పుడు షుగర్ వచ్చిందా? నాకు రెండోసారి వచ్చింది. పుట్టాక పోయింది, నేనూ మర్చిపోయాను. అలా వచ్చినవాళ్లు తర్వాత కూడా క్రమం తప్పకుండా చూపించుకుంటూ ఉండాలట. నేను తొమ్మిదేళ్లు చూపించుకోలేదు.

మా అత్తయ్య మాత్రం నా పొట్టకి కారణం వేరే చెప్పేవారు, బాలింతప్పుడు నడికట్టు సరిగ్గా కట్టుకోలేదని. గుడ్డ బిగిస్తే నడుముకి ఆసరాగా ఉంటుందేమో కానీ లోపలి కొవ్వు కరగదు. కాన్పుల్లో పొట్ట కండరాలు విడిపోయి మళ్లీ కలవనివాళ్లకి కొవ్వు లేకపోయినా పొట్ట ముందుకొస్తుంది, అది నిజమే. దానికి ఫిజియోథెరపీ వ్యాయామాలు వేరే ఉన్నాయి.

ఇంకో సంగతి. మా పిన్నికి పొట్ట పెరుగుతుంటే అందరం తిండి తగ్గించమన్నాం. చేతులూ మొహమూ చిక్కిపోతున్నా పొట్ట మాత్రం పెరిగింది, రెండు ముద్దలకే కడుపు నిండిపోయేది. స్కాన్ తీస్తే అండాశయంలో పెద్ద తిత్తి. అలా ఉంటే టేపూ వద్దు, డైటూ వద్దు, వెంటనే గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి.

నేనేం చేశానంటే గొప్పదేం లేదు. మూడు పూటలా ఉన్న అన్నాన్ని ఒక పూటకి తెచ్చాను. రాత్రి ఒక జొన్నరొట్టె, గిన్నెడు పప్పు లేదా రెండు గుడ్లు. తినగానే పడుకోకుండా ఇరవై నిమిషాలు నడక. వారంలో మూడు రోజులు కండకి పని చెప్పే వ్యాయామం, కుర్చీలోంచి చెయ్యి ఆన్చకుండా లేచి కూర్చోవడంతో మొదలుపెట్టాను. పొట్ట వ్యాయామాలు చేస్తే పొట్టే కరగదు, పొట్ట తగ్గిస్తాయనే బెల్టులకి డబ్బు తగలెయ్యకండి. ఏడాదిన్నరకి నడుం 31½, సీటు 36. హెచ్‌బీఏ1సీ 5.7, ట్రైగ్లిజరైడ్స్ 148. బరువు తగ్గింది రెండే కిలోలు. నిష్పత్తి ఇంకా 0.875, ఆ లెక్కన నేను ఇప్పటికీ "హై రిస్క్"నే. ఎత్తు దారం కొసలు కలవడానికి ఇంకా రెండు వేళ్లు తక్కువ. పెళ్లినాటి వడ్డాణం సంగతి అడక్కండి.

మీరు హెచ్‌బీఏ1సీ, పరగడుపు లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల టెస్టు), లివర్ టెస్టు, ఒకసారి బీపీ, ఇవి చేయించుకోండి. దానికి ముందు కుచ్చిళ్లు లేకుండా ఒకసారి కొలిచి, ఎంతొచ్చిందో కింద రాయండి, చూద్దాం.