గొంతులో భావాన్ని పట్టే పరిశోధన: అమ్మాయిని పంపొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ మూడో సంవత్సరం. ప్లేస్‌మెంట్ల సంగతి పట్టించుకోకుండా, గొంతును బట్టి మనిషి కోపాన్నీ బాధనూ కంప్యూటర్ గుర్తుపట్టే పరిశోధన చేస్తానంటోంది. దీనికి భవిష్యత్తు ఉందా? - ఓ తండ్రి, తెనాలి

జవాబు: ఉందండీ. మీ భయం నాకు అర్థమైంది గానీ, ఇది నిన్న మొన్న పుట్టిన మోజు కాదు. ఎంఐటీ ప్రొఫెసర్ రోజలిండ్ పికార్డ్ 1997లోనే దీనిపై పుస్తకం రాశారు. 'అఫెక్టివ్ కంప్యూటింగ్' అన్న ఆ పుస్తకం పేరే ఈ రంగానికి స్థిరపడింది.

మన తెలుగుకూ ఇందులో చోటుంది. ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు విజయవాడ ఆకాశవాణి కళాకారులు 10 మందితో 15 తెలుగు వాక్యాలను కోపం, భయం, జాలి, వెటకారం వంటి 8 రకాలుగా, పది విడతల్లో పలికించి, 12,000 రికార్డింగులు సిద్ధం చేశారు. వాక్యాలు మామూలువే, తేడా అంతా గొంతులోనే. వెటకారాన్ని వేరుగా లెక్కించడం నాకు మరీ నచ్చింది. ఇంట్లో "చాలా బాగా చేశావులే" అంటే అది మెచ్చుకోలో దెప్పిపొడుపో చెప్పేది గొంతే కదా!

అయితే అది నటించిన కోపం. నిజంగా మండిపోతున్న మనిషి ఒక్కోసారి గొంతు తగ్గించేస్తాడు. పైగా, గుర్తుపట్టాక యంత్రం ఏం చేయాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. 2005లో స్టాన్‌ఫర్డ్‌లో క్లిఫర్డ్ నాస్ బృందం సిమ్యులేటర్‌పై, అంటే నిజం రోడ్డును తలపించే కంప్యూటర్ ఏర్పాటుపై, కారు నడిపించి చూసింది. సంతోషంగా ఉన్నవాళ్లకు కారులోంచి హుషారు గొంతు, మనసు బాగోలేనివాళ్లకు నెమ్మదైన గొంతు వినిపిస్తే ప్రమాదాలు తగ్గాయి. చెప్పిన మాటలు మాత్రం ఒకటే. మీ అమ్మాయి గట్టిగా పట్టుకోవాల్సింది ఇలాంటి మనిషి వైపు ప్రశ్నల్నే. భావాన్ని గుర్తుపట్టే ఏఐ మోడల్‌ను కంప్యూటర్‌లో నడపడం చాలామందికి వస్తుంది. మనుషులతో ప్రయోగం సరిగ్గా చేయడం కొద్దిమందికే వస్తుంది.

అందుకని సిగ్నల్ ప్రాసెసింగ్, ప్రాబబిలిటీ, పైథాన్‌తో పాటు మనస్తత్వశాస్త్రం, గణాంకశాస్త్రం కూడా చదవమనండి. 'ప్రాట్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఇంట్లోవాళ్ల మాటలు అనుమతి అడిగి రికార్డు చేసి, అందులో స్వరస్థాయి, తీవ్రత కొలవమనండి. నెల రోజులు చేశాక కూడా ఆసక్తి నిలిస్తే, ఆ ఫలితాలు జతచేసి ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ స్పీచ్ ల్యాబ్ ప్రొఫెసర్లకు వేసవి ఇంటర్న్‌షిప్ కోసం రాయొచ్చు. అక్కడ ఎంఎస్ బై రీసెర్చ్ ఉంది. ఐఐటీల్లో ఎంటెక్‌కైతే గేట్ ప్రవేశపరీక్ష రాయాలి.

ఖర్చు గురించి: గేట్‌తో ఎంటెక్‌లో చేరి స్టైపెండ్ వస్తే నెలకు 12,400 రూపాయలు. పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఇంటి అద్దె భత్యం అదనం. అయినా ప్లేస్‌మెంట్లు మానొద్దు. ఇదే చదువుతో వాయిస్ అసిస్టెంట్ల పనికీ వెళ్లొచ్చు.

ఇంకొక్క మాట, అమ్మాయికి తప్పక చెప్పండి. ఆఫీసుల్లో, విద్యాసంస్థల్లో మనుషుల భావాలను ఏఐతో పసిగట్టడాన్ని యూరోపియన్ యూనియన్ 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించింది. వైద్యానికి, భద్రతకు మినహాయింపు ఇచ్చింది. ప్రాజెక్టు ఎంచుకునేటప్పుడు ఆ రెండింటి వైపే చూడమనండి.