హార్మోన్ ఇంజెక్షన్లు మొదలయ్యే ముందే మీ ఆవిడకు చెప్పండి

మీకు అరవై ఒకటేళ్లు, ప్రోస్టేట్ క్యాన్సర్‌కు హార్మోన్ ఇంజెక్షన్లు మొదలవుతున్నాయి, దాంపత్యం ఏమవుతుందో భార్యకు చెప్పాలా వద్దా అని అడిగారు. చెప్పండి. మొదటి ఇంజెక్షన్‌కు ముందే చెప్పండి. నేను చెప్పకుండా ఆరు నెలలు ఆమెను ఏడిపించాను.

మాది తిరుపతి. రేడియేషన్‌తో పాటు మూడు నెలలకొక ఇంజెక్షన్ చొప్పున రెండేళ్లు వేశారు. ఈ మందుతో వృషణాల్లో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ తయారీ ఆగిపోతుంది. మూడు నాలుగు వారాల్లో అది దాదాపు అడుగంటుతుంది. క్యాన్సర్ పెరగడానికి ఆ హార్మోనే ఆధారం, మన కోరికకు మూలమూ అదే. అంగస్తంభన తగ్గుతుందని తెలుసు. అసలు ఆ ధ్యాసే రాకుండా పోతుందని మాత్రం ఊహించలేదు. అందుకే అంగస్తంభన కోసం ఇచ్చే సిల్డెనాఫిల్ మాత్ర వేసుకున్నా, ఆకలి లేనివాడికి విస్తరి వేసినట్టే అయింది. కొందరికి పనిచేస్తుంది. కానీ గుండెకు నైట్రేట్ మందులు వాడేవారు దాన్ని ముట్టుకోకూడదు, ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరును అడగకుండా కొనకండి.

రాత్రిళ్లు ఒంట్లో ఆవిర్లు లేచి దిండు తడిసిపోయేది. ఆ వంకతో మంచం హాల్లోకి మార్చుకున్నాను. ఒక రాత్రి ఆమె తువ్వాలు తెచ్చి నా వీపు తుడుస్తూ, "నా వల్ల ఏమైనా తప్పు జరిగిందా?" అని అడిగింది. అప్పుడు మొత్తం చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నా దిండు తీసుకుని లోపలి గదిలోకి నడిచింది.

కలయిక చాలాకాలం లేదు. పక్కన పడుకోవడం, చేయి పట్టుకోవడం తిరిగి వచ్చాయి. కోరిక పుట్టాక దగ్గరవుదామని కూర్చుంటే ఆ రోజు రాదు, మనమే ముందు చేయి చాపాలి.

నీరసం కూడా ఎక్కువే. అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కినవాణ్ణి, గాలిగోపురం చేరేసరికే కూలబడ్డాను. అయినా రోజూ నడిచాను, చిన్న బరువులు ఎత్తాను. దానితో కొంత తేరుకున్నాను.

ఇంజెక్షన్లు ఆపాక నాకు పదకొండు నెలలకు కాస్త కదలిక వచ్చింది. కొందరికి ఏడాది దాటుతుంది, వయసు మీరినవారికి పూర్తిగా రాకపోవచ్చు. వృషణాలు తొలగించే ఆపరేషన్ అయితే ఆ హార్మోను మళ్లీ తయారు కాదు. మీకు ఎన్నాళ్లు వేస్తారో ఇప్పుడే అడగండి. మీ అంతట మీరు మాత్రం ఆపకండి.

చిత్తూరు నుంచి ఆసుపత్రికి ఆమెను వెంట తెచ్చుకుంటున్నారు కదా, ఈసారి డాక్టరు గదిలోకి కూడా తీసుకెళ్లండి. నేను ప్రతిసారీ ఆమెను బయట బెంచీ మీదే కూర్చోబెట్టాను.