ఇంటి తెర: సినిమాల మీద పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాది తిరుపతిలోని బైరాగిపట్టెడ. ఇంట్లో మా అత్తగారు, మేమిద్దరం, 14 ఏళ్ల అబ్బాయి, 9 ఏళ్ల అమ్మాయి ఉంటాం. ఆదివారం సాయంత్రం అందరం కలిసి ఒక సినిమా చూద్దామని కూర్చుంటాం గానీ, ఏది చూడాలో తేల్చుకునేసరికే గంట గడిచిపోతుంది. చివరికి ఎవరి ఫోను వాళ్లు తీసుకుని లేచిపోతారు. అందరికీ నచ్చే సినిమాలు కొన్ని చెప్పగలరా?
– ఒక గృహిణి

జవాబు: సినిమాల పేర్లు చెప్పేముందు ఆ గంట ఎందుకు పోతున్నదో చూడాలి. పూర్వం సినిమాకు వెళ్లేవాళ్లు గోడమీది పోస్టరు చూసి, పక్కింటివాళ్లను అడిగి, ఇంట్లోంచి బయలుదేరకముందే ఏ ఆటకు పోవాలో తేల్చుకునేవారు. మన తిరుపతిలో లీలామహల్ అన్న హాలు పేరు ఒక కూడలికే నిలిచిపోయింది. ఆ రోజుల్లో సినిమాకు పోవడమంటే అంత నిశ్చయంగా ఇల్లు దాటడమే. టికెట్టు కొన్నాక, సినిమా కాస్త నెమ్మదిగా నడిచినా, చివరిదాకా కూర్చునేవారు. ఇప్పుడు తెరముందు కూర్చున్న తర్వాత ఎంపిక మొదలవుతున్నది, పైగా నచ్చకపోతే పది నిమిషాల్లో మార్చేసే వీలుంది కనుక ఎవరూ దేనికీ ఓపిక పట్టడం లేదు.

కాబట్టి ఆ ఎంపికను శుక్రవారం రాత్రి భోజనాల దగ్గరే ముగించండి. వారానికొకరి వంతు పెట్టుకోండి. వంతు వచ్చినవారు ఆ సినిమాను మిగతావారికి ఎందుకు చూపించాలనుకుంటున్నారో రెండు మాటల్లో చెప్పాలి. మిగతావారు కనీసం అరగంటైనా ఫోను ముట్టకుండా చూడాలి. మీ అమ్మాయి వంతు వచ్చి ఆ పిల్ల బొమ్మల సినిమా ఏదైనా కోరుకున్నప్పుడు కూడా పెద్దవాళ్లు ఈ నియమాన్ని సడలించకూడదు. అక్కడ సడలిస్తే మరుసటి వారం నుంచి ఎవరూ పాటించరు.

మొదటి వంతు మీ అత్తగారికి ఇవ్వండి. ఆవిడ ‘మాయాబజార్’ అంటారని నా ఊహ. అనకపోతే నేను అంటున్నాను. 1957లో కె.వి. రెడ్డి తీసిన ఈ సినిమాను పిల్లలకు చూపించాలనుకున్నప్పుడు చాలామంది 2010లో వచ్చిన రంగుల ప్రతిని ఎంచుకుంటారు. నేను మాత్రం నలుపు తెలుపుల ప్రతినే చూపించమంటాను. మార్కస్ బార్ట్‌లీ కెమెరా పనితనమంతా వెలుగునీడల మీద నిలిచింది. పడవ పాటలో నీళ్లమీద పరుచుకున్న వెలుగు, రంగు లేకపోయినా, అచ్చంగా వెన్నెలలాగే ఉంటుంది. ఆ ఛాయల మీద రంగు పూసేసరికి అందులోని చల్లదనం తగ్గిపోయిందనిపించి నాకు బాధ కలిగింది. పిల్లలు నలుపు తెలుపులంటే మొహం తిప్పుకుంటారన్న భయం ఉంటే, ముందుగా వాళ్లకు రెండు సంగతులు చెప్పి కూర్చోబెట్టండి. ఒకటి, ఇది పాండవుల ఇంటి అబ్బాయి పెళ్లి కథే అయినా పాండవులు ఒక్కరూ తెరమీద కనబడరు. రెండోది, శశిరేఖకు ప్రియదర్శిని అనే పేటిక ఒకటి కానుకగా వస్తుంది, దాని మూత తెరిచి చూసినవారికి తమకు అన్నిటికంటే ఇష్టమైనది ఏదో అందులో కనబడుతుంది. మీ అబ్బాయి పాండవుల కోసం వెతుకుతాడు, మీ అమ్మాయి పేటిక కోసం ఎదురుచూస్తుంది. దాదాపు మూడు గంటల సినిమా కనుక రెండు రోజులుగా చూసినా తప్పు లేదు. ఘటోత్కచుడు వచ్చాక ఒకచోట ఆపితే, మర్నాడు టీవీ దగ్గరికి వాళ్లే మిమ్మల్ని పిలుస్తారు.

అబ్బాయి వంతుకు ‘సినిమా బండి’ని సూచించండి. ప్రవీణ్ కండ్రేగుల దర్శకత్వంలో 2021లో నేరుగా నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైన చిత్రమిది. ఆటో నడుపుకునే ఒకతనికి తన బండిలో ఎవరో మరిచిపోయిన కెమెరా దొరుకుతుంది. దానితో ఊరివాళ్లందరినీ కూడగట్టుకుని సినిమా తీయబోవడమే కథ. నిర్మాతలు రాజ్, డీకేలు మన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ కళాశాలలో చదివినవారన్న సంగతి చెబితే మీ అబ్బాయికి మరికాస్త ఆసక్తి కలుగుతుంది. అంతకంటే నాకు ముఖ్యమనిపించినది అందులోని భాష. ఆంధ్ర, కర్ణాటక సరిహద్దు పల్లె మాట, మన పలమనేరు, కుప్పం వైపు వినబడే మాటకు దగ్గరది, అందులో మామూలు మనుషులు మామూలు పనులు చేసుకుంటూ మాట్లాడే మాటగా వినబడుతుంది. సీమ మాటను కత్తులు దూసే సన్నివేశాల్లోనూ, హాస్యపాత్రల నోటా మాత్రమే వింటూ పెరిగిన పిల్లలకు, తమ అవ్వ మాట్లాడినట్టే తెరమీద ఎవరో మాట్లాడడం వినబడితే కలిగే సంతోషం చిన్నది కాదు. మీ అత్తగారికి కూడా అది తప్పకుండా నచ్చుతుంది.

ప్రశ్న: నాకు బాగా నచ్చిన ఒక సినిమాను చూడమని మిత్రులందరికీ చెప్పాను. ఇరవై నిమిషాల్లో ఆపేశామని, నా మాట విని ఆదివారం పాడుచేసుకున్నామని అన్నారు. అప్పటినుంచి ఏ సినిమా గురించీ నా అభిప్రాయం చెప్పడమే మానేశాను. తప్పు నాదేనా?
– ఒక ఉద్యోగి, చిత్తూరు

జవాబు: మీ అభిరుచిలో తప్పేమీ లేదు, అభిప్రాయం చెప్పడం మానవలసిన పనీ లేదు. అయితే మీరు వాళ్లతో ఏమని చెప్పారో ఒకసారి గుర్తుచేసుకోండి. ‘సూపర్‌గా ఉంది, తప్పక చూడండి’ అని మాత్రమే చెప్పి ఉంటే, వాళ్లు దేనికి సిద్ధపడాలో మీరు చెప్పనట్టే. పాటలూ ఫైట్లూ ఆశించి కూర్చున్నవాళ్లకు, ఒక ముసలాయన పొద్దున్నే లేచి కాఫీ పెట్టుకోవడం ఐదు నిమిషాలు కనబడితే, ఆ సన్నివేశం ఎంత బాగున్నా, మోసపోయినట్టే ఉంటుంది.

ఈ విషయంలో నేను చేసిన పొరపాటు ఒకటి చెబుతాను, నేటికీ తలుచుకుంటే మనసు బరువెక్కుతుంది. కొన్నేళ్ల కిందట ఒక మిత్రుడికి నాకెంతో నచ్చిన ఒక సినిమాను చూడమని పట్టుబట్టి చెప్పాను. అప్పటికి అతని తండ్రి పోయి రెండు నెలలు కూడా కాలేదు. ఆ సినిమాలో ఆసుపత్రి మంచం పక్కన కొడుకు రాత్రంతా కూర్చుని ఉండే సన్నివేశం ఉందన్న సంగతి నేను ఆలోచించనే లేదు. నా తలలో ఉన్నదల్లా దాని ఛాయాగ్రహణం, సంగీతం. అతను మధ్యలో లేచి వెళ్లి మిద్దెమీద చాలాసేపు ఒంటరిగా కూర్చున్నాడని తర్వాత వాళ్లావిడ చెప్పింది. సినిమా మంచిదే, నా మాటలో అబద్ధమూ లేదు. అది ఎవరికి, ఏ సమయంలో చెబుతున్నానో నేను చూసుకోలేదు.

అప్పటినుంచి ఎవరికైనా ఒక సినిమా చెప్పేటప్పుడు, అది నాకెందుకు నచ్చిందో చెప్పి ఊరుకోకుండా, వినేవారికి అందులో ఏది ఇబ్బంది కావచ్చో కూడా చెబుతున్నాను. ‘మొదటి అరగంట ఏమీ జరుగుతున్నట్టు ఉండదు, తొందర లేని రోజున చూడు, మా నాన్న నాతో మాట్లాడకుండా ఉన్న రోజులు గుర్తొచ్చి నాకు కన్నీళ్లొచ్చాయి, పిల్లలు పక్కన ఉంటే వద్దు’ అన్నామనుకోండి, కథలో ఒక్క మలుపు కూడా బయటపెట్టకుండానే అవతలివారికి కావలసినంత తెలిసిపోతుంది. అది విని చూడనన్నా మనకు చిన్నతనమేమీ ఉండదు.

మీ మిత్రులను కూడా ఒకమాట అడగండి: ఏ సన్నివేశం దగ్గర ఆపేశారు? ‘బోర్’ అన్నవాళ్లు కూడా ఆ ప్రశ్నకు జవాబు చెప్పబోయి, తమకు ఏది కావలసి వచ్చిందో చెప్పడం మొదలుపెడతారు. అందరూ ఒకేసారి చెబుతుంటే విని ఊరుకోండి, అక్కడ మీ సినిమాను సమర్థించుకోవద్దు. మరోసారి వాళ్లలో ఒక్కరికి, ఆ ఒక్కరికి తగిన సినిమా చెప్పండి. పదిమందికీ ఒకేసారి ఒకే సినిమా చెప్పడం నా అనుభవంలో ఎప్పుడూ కుదరలేదు.

ప్రశ్న: టీవీలో కొత్త సినిమాల మాటలు వినబడవు, శబ్దం పెంచితే సంగీతం చెవులు పగలగొడుతుంది. పాత సినిమాల్లో ముఖాలన్నీ లావుగా కనబడుతున్నాయి. నా వయసు వల్లనా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, శ్రీకాళహస్తి

జవాబు: మాస్టారూ, మీ చెవులకంటే ముందు టీవీని అనుమానించండి. ఇప్పటి సినిమాలకు శబ్దాన్ని చాలావరకు 5.1 పద్ధతిలో, అంటే ఐదు స్పీకర్లకూ, గంభీరమైన మోతలకోసం విడిగా ఉండే మరో స్పీకరుకూ పంచి కూరుస్తారు. అందులో మాటలు ముఖ్యంగా మధ్య స్పీకరులోంచి వస్తాయి. మామూలు టీవీలో ఉండేవి రెండు చిన్న స్పీకర్లు, అవి కూడా చాలా టీవీల్లో కిందికో వెనక గోడవైపుకో తిరిగి ఉంటాయి. ఐదు స్పీకర్ల శబ్దమూ ఆ రెండింటిలోకి కుదించుకుని వచ్చినప్పుడు మాటలు సంగీతం అడుగున పడిపోతాయి. సినిమా పెట్టినప్పుడు ఆడియో జాబితాలో స్టీరియో ఉంటే దాన్ని ఎంచుకోండి. టీవీ శబ్దపు సెట్టింగుల్లో నైట్ మోడ్, లేదా మాటలను స్పష్టం చేసే అమరిక ఉంటే పెట్టండి. పెద్ద మోతలకూ చిన్న మాటలకూ మధ్య తేడాను అది తగ్గిస్తుంది. తెలుగు సబ్‌టైటిల్స్ దొరికినచోట వాటిని పెట్టుకోవడానికి మొహమాటపడవద్దు.

ముఖాల సంగతి ఇంకా సులువు. పాత సినిమాల చట్రం 4 పాళ్ల వెడల్పుకు 3 పాళ్ల ఎత్తుగా, ఇంచుమించు చతురస్రానికి దగ్గరగా ఉండేది. తెలుగులో వెడల్పాటి తెరకు తీసే సినిమాస్కోప్ పద్ధతి 1974లో ‘అల్లూరి సీతారామరాజు’తో మొదలైంది. ఇప్పటి టీవీ 16 పాళ్లకు 9 పాళ్లు. ఆ ఖాళీని నింపడానికి టీవీ బొమ్మను అడ్డంగా సాగదీస్తున్నది కనుక సావిత్రిగారి ముఖం కూడా మీకు అలా కనబడుతున్నది. పిక్చర్ సైజ్ అన్నచోట ‘ఒరిజినల్’ గానీ ‘4:3’ గానీ పెట్టండి. అటూ ఇటూ నల్లటి పట్టీలు వస్తాయి, అవి ఉండవలసినవే. జూమ్ మాత్రం పెట్టవద్దు, పైన తలలు, కింద పాదాలు తెగిపోతాయి. ఇంకొక మాట: కొత్త సినిమాలు కూడా సీరియల్‌లాగా మరీ నున్నగా కదులుతున్నట్టుంటే, సెకనుకు 24 బొమ్మలుగా తీసిన సినిమాకు టీవీ తానుగా మధ్యమధ్య బొమ్మలు కల్పించి చేరుస్తున్నదన్నమాట. కదలికను నున్నగా చేసే ఆ సెట్టింగును ఆపేయండి. కంపెనీని బట్టి దాని పేరు మారుతుంది, మనవలెవరైనా ఉంటే రెండు నిమిషాల పని.

ప్రశ్న: మా 12 ఏళ్ల కుమార్తె స్నేహితులు చెప్పారని సినిమాలు అడుగుతున్నది. ముందుగా చూసి చెప్పే తీరిక మాకు లేదు. ఎలా?
– ఒక తండ్రి, పలమనేరు

జవాబు: 2021 నాటి నిబంధనల ప్రకారం ఓటీటీ వేదికలు ప్రతి చిత్రానికీ యు, యు/ఏ 7+, యు/ఏ 13+, యు/ఏ 16+, ఏ అనే అయిదు తరగతుల్లో ఒకటి చూపించాలి, హింస, భాష వంటి కారణాన్ని కూడా తెలపాలి. 13+, ఆ పైవాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే ఏర్పాటు ఉండాలి. ఆ తాళం వేసి, పాప అడిగిన సినిమా అందులో పడితే, మొదటి అరగంటైనా పక్కన కూర్చుని చూడండి. తరగతి చూసి సినిమా మంచిచెడ్డలు తేల్చవద్దు, దాని పని అది కాదు.

ప్రశ్న: మాకు తమిళం బాగా అర్థమవుతుంది. తమిళ సినిమాలను తెలుగు డబ్బింగులో చూడాలా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: అక్కర్లేదు. వేలూరు గాలి తగిలే ఊళ్లో ఉండి, ఆ నటుల సొంత గొంతును వదులుకోవద్దు.

ప్రశ్న: చిత్తూరు నాగయ్యగారు మా ఊరివారేనా? ఆయన సినిమాల్లో మొదట ఏది చూడాలి?
– ఒక విద్యార్థి, చిత్తూరు

జవాబు: ఆయన పుట్టింది గుంటూరు జిల్లాలో. చిత్తూరులోని రామవిలాస సభ నాటకాల్లో నటించి పేరు తెచ్చుకోవడం వల్ల మీ ఊరి పేరు ఆయన ఇంటిపేరులా స్థిరపడిపోయింది, కనుక మీరు మావాడే అనుకోవడానికి పూర్తి హక్కుంది. ఆయనే నటించి దర్శకత్వం వహించిన ‘త్యాగయ్య’ 1946లో వచ్చింది, సంగీతం మీద ప్రేమ ఉంటే దానితో మొదలుపెట్టండి. లేదంటే 1947 నాటి ‘యోగి వేమన’ చూడండి. కొత్తగా చూసేవారికి నేను రెండోదే ముందు చెబుతాను, ఎందుకంటే నాగయ్యగారు పాడినప్పుడు ఎంత ఆకట్టుకుంటారో, మాట లేకుండా ఊరకే నిలబడినప్పుడు కూడా అంతే ఆకట్టుకుంటారు. దాని దర్శకుడు కూడా కె.వి. రెడ్డిగారే. ఒక వారం ‘యోగి వేమన’, మరుసటి వారం పైన చెప్పిన ‘మాయాబజార్’ చూడండి. ఆ పదేళ్లలో రెడ్డిగారి పనిలో ఏది మారిందో, ఏది మారలేదో మీకు కనబడినదాన్ని మాకు రాసి పంపండి.