మేస్త్రి పోయాక షెడ్డు పేరు ఎవరిది? మీ హెడ్ మెకానిక్ స్థానంలో ఒకప్పుడు నేనున్నాను

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాన్నగారు పోయి 8 నెలలైంది. పాత కార్లను పూర్తిగా విప్పి మళ్లీ నిలబెట్టే షెడ్డు ఆయనది, ఆయన పేరుతోనే నడిచింది. 20 ఏళ్లు దగ్గరుండి పనిచేసిన హెడ్ మెకానిక్ ఇప్పుడు అదే పేరుకు ముందు 'న్యూ' తగిలించి వేరే చోట బోర్డు పెట్టాడు. మీ బాబాయి ఆ పేరు ఇంటిది కాబట్టి తానే రిజిస్టర్ చేయించి అమ్మేస్తానంటున్నారు. పేరు అసలు ఎవరిదని మీరు అడిగారు.

అమ్మా, మీ హెడ్ మెకానిక్ చేసిన పనే ఒకప్పుడు నేనూ చేశాను. అందుకే రాస్తున్నాను.

నేను మా మేస్త్రి దగ్గర 17 ఏళ్లు పనిచేశాను. పానాలు అందించే కుర్రాడిగా చేరాను. ఆయన పోయే నాటికి ఇంజన్ పని మొత్తం నా చేతిలోనే ఉంది. ఆయన పోయింది ఒక్క రాత్రిలో. పొద్దున షెడ్డు తెరిస్తే లోపల 11 కార్లు. రెండింటి ఇంజన్లు విప్పి బల్ల మీద ఉన్నాయి. ఒకదాని బాడీ ఛాసిస్ నుంచి ఎత్తి స్టాండ్ల మీద పెట్టి ఉంది. ఏ డబ్బాలో ఉన్న బోల్టు ఏ కారుదో ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. పదకొండు మంది ఓనర్లూ నాకే ఫోన్ చేశారు. మేస్త్రి భార్య, మా అమ్మగారికి కారు పని తెలియదు, వాళ్లబ్బాయి వేరే ఊళ్లో ఉద్యోగం. పెద్దకర్మ అయ్యాక షెడ్డుకు తాళం పడింది. రెండు నెలలు ఎదురుచూసి, నేనొక స్థలం అద్దెకు తీసుకుని ఆయన పేరుతోనే బోర్డు పెట్టాను.

అప్పుడు నా మనసులో దురాశ లేదు. ఆ పేరుకు విలువ వచ్చింది పని వల్ల, ఆ పని చేసింది నా చేతులు, కాబట్టి ఆ పేరు నడిపే బాధ్యత కూడా నాదే అనుకున్నాను. మీ మెకానిక్ కూడా బహుశా ఇలాగే అనుకుంటూ ఉంటాడు. అతను దొంగ అనే మాటతో మొదలుపెడితే మీరు ఎక్కడికీ చేరలేరు.

కానీ నా ఆలోచనలో తప్పుంది. అది నాకు లాయర్ నోటీసు వచ్చినప్పుడు కూడా తెలియలేదు. ఒక చిన్న ఇత్తడి ప్లేటు వల్ల తెలిసింది.

మా మేస్త్రి పూర్తి చేసిన ప్రతి కారుకూ ఇంజన్ గదిలో ఒక ప్లేటు బిగించేవారు. రెండు వేళ్ల వెడల్పు, నాలుగు మూలలా నాలుగు రివెట్లు, పైన షెడ్డు పేరు, కింద వరస నంబరు. ఆ నంబరు ఆయనే స్వయంగా సుత్తి, పంచ్‌లతో (లోహం మీద అంకెలు అచ్చు వేసే ఉలి లాంటివి) కొట్టేవారు. ఆయన పోయాక ఏడాది తిరక్కముందే, ఒక కారు అమ్మకానికి వచ్చిందని, దాని మీద మా ప్లేటు ఉందని, కొనబోయే ఆయన దాని ఫోటో నాకు పంపారు. నంబరు 47. చూడగానే తేడా కొట్టింది. మా పంచ్ సెట్‌లో ఏడో అంకె మొన విరిగి చాలా ఏళ్లయింది. మేం కొట్టిన ప్రతి 7కూ పై గీతలో చిన్న ఖాళీ ఉంటుంది. ఫోటోలో ఉన్న 7 నున్నగా, నిండుగా ఉంది. ఎవరో మా పేరుతో ప్లేటు చేయించి, మేం ముట్టని కారుకు బిగించారు.

అది మాది కాదని నేను చెప్పగలను, కానీ నిరూపించడం ఎలా? 47 నంబరు ఏ కారుదో రాసి ఉన్న రిజిస్టరు అమ్మగారి బీరువాలో ఉంది. పంచ్ సెట్ నా టూల్ బాక్సులో ఉంది. అప్పటికి ఆరు నెలలుగా మా మధ్య మాటల్లేవు, లాయర్ల ఉత్తరాలే. మేమిద్దరం పేరు కోసం కొట్టుకుంటుంటే, మూడోవాడు హాయిగా దాన్ని వాడుకున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. అమ్మగారు తలుపు తీసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను పంచ్ సెట్ బల్ల మీద పెట్టాను. ఆవిడ లోపలికెళ్లి రిజిస్టరు తెచ్చారు. 47వ నంబరు పక్కన మేస్త్రి చేతిరాతలో వేరే కారు, వేరే ఛాసిస్ నంబరు ఉన్నాయి. ఆ పేజీ ఫోటో, పాత ప్లేటులో విరిగిన 7 ఫోటో కలిపి పంపితే ఆ బేరం ఆగిపోయింది.

మా రాజీ ఆ బల్ల దగ్గరే మొదలైంది. అదెలా కుదిరిందో చెప్పేముందు, మీ ప్రశ్నకు చట్టం ఏమంటుందో నాకు అర్థమైన మేరకు చెప్తాను. వివరాలు దేశాన్ని బట్టి మారతాయి కాబట్టి మీ లాయర్‌ను తప్పకుండా అడగండి.

చట్టం దృష్టిలో షెడ్డు పేరు కూడా ఆస్తే. దాని వెనకున్న మంచిపేరును గుడ్‌విల్ అంటారు, అది వ్యాపారాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. అందుకని మొదట చూడాల్సింది, ఆ వ్యాపారం కాగితాల్లో ఎవరిదని. నాన్నగారు ఒక్కరే ప్రొప్రైటర్, అంటే సొంతదారు అయితే పేరు కూడా ఆయన మిగతా ఆస్తితో పాటు వారసులకు వస్తుంది, వీలునామా ఉంటే అందులో రాసినట్టు వస్తుంది. అంటే ఆయన తమ్ముడైనంత మాత్రాన మీ బాబాయికి హక్కు వచ్చేయదు. వారసత్వ వరసలో ఆయన ఎక్కడున్నారో చూడాలి. కంపెనీ అయితే కంపెనీకి చావు లేదు, పేరు దానిదే, చేతులు మారేది షేర్లు మాత్రమే. పార్టనర్‌షిప్ అయితే డీడ్ (భాగస్వాముల ఒప్పంద పత్రం) బయటకు తీసి చదవండి. ఒక పార్టనర్ పోతే సంస్థ రద్దవుతుందా, పేరు మిగిలినవాళ్లు వాడుకోవచ్చా అన్నది చాలాచోట్ల ఆ డీడ్ మీదే ఆధారపడుతుంది. బాబాయి ఎప్పుడైనా అందులో పార్టనర్‌గా సంతకం పెట్టి ఉంటే లెక్క మొత్తం మారిపోతుంది. అది ఈ వారమే తేల్చుకోండి.

ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రేషన్ ఉందా లేదా అన్నది తర్వాతి విషయం. ఉంటే అది ఎవరి పేరున ఉందో, గడువు ఎప్పుడో చూడండి. చాలా దేశాల్లో అది 10 ఏళ్లకోసారి రెన్యువల్. పోయినవారి పేరునే వదిలేయకుండా వారసుల పేరుకు మార్పించుకోవాలి. అసలు రిజిస్ట్రేషనే లేదనుకోండి, కంగారు పడకండి. ఏళ్ల తరబడి వాడిన పేరుకు రిజిస్ట్రేషన్ లేకపోయినా చాలా దేశాల్లో రక్షణ ఉంది. ఒకరి పేరు చూపించి తమ పనిని వాళ్ల పనిగా నమ్మించడాన్ని కోర్టులు ఆపుతాయి. కానీ ఎవరు ముందు దరఖాస్తు చేస్తే వాళ్లకే మొగ్గు చూపే దేశాలూ ఉన్నాయి. మీ బాబాయి దరఖాస్తు చేస్తే దాన్ని సాధారణంగా ప్రచురిస్తారు, అభ్యంతరం చెప్పడానికి గడువు కొన్ని నెలలే ఉంటుంది. అది దాటనివ్వకండి.

ఇంకో చిక్కు. వాడకుండా వదిలేసిన పేరు చచ్చిపోతుంది. వరసగా మూడేళ్లో ఐదేళ్లో వాడకపోతే రిజిస్టరైన మార్కును కూడా తీసేయమని అడగొచ్చు. షెడ్డుకు తాళం వేసి కోర్టులో పేరు కోసం పోరాడేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు. మా అమ్మగారి విషయంలో ఈ ప్రమాదం నిజంగా ఉండింది.

మీ షెడ్డు పేరులో ఏదైనా కారు కంపెనీ పేరు కూడా కలిసి ఉంటే, ఆ ముక్క మీ ముగ్గురిలో ఎవరిదీ కాదు. అయితే ఫలానా కార్ల పనిలో మాకు నైపుణ్యం ఉందని చెప్పుకోవచ్చు. బీఎండబ్ల్యూ నెదర్లాండ్స్‌లో ఒక స్వతంత్ర గ్యారేజీ మీద వేసిన కేసులో 1999లో యూరోపియన్ న్యాయస్థానం చెప్పింది ఇదే. ఆ కార్లు రిపేరు చేస్తానని, వాటిలో నిపుణుణ్నని నిజం చెప్పుకోవడం తప్పు కాదు, కంపెనీతో సంబంధం ఉన్నట్టు భ్రమ కలిగించడం తప్పు. మీ మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు ఈ తేడా పనికొస్తుంది. 'ఫలానా మేస్త్రి దగ్గర 20 ఏళ్లు పనిచేశాను' అని అతను తన బోర్డు మీద రాసుకుంటే అది నిజం, ఆపాలని చూడకండి. 'న్యూ' అని ముందు పెట్టి మీ పేరే రాసుకుంటే, చూసేవాళ్లకు అది మీ షెడ్డు కొత్త చిరునామా అనిపిస్తుంది. గొడవ అక్కడ పెట్టుకోండి.

ఇవి సర్దుబాటు కాకపోతే ఎంతదూరం పోతాయో బ్రిటన్ కార్ల సంస్థ లోటస్ కథ చూస్తే తెలుస్తుంది. దాన్ని స్థాపించిన కొలిన్ చాప్‌మన్ 1982 డిసెంబరులో పోయారు. ఆయన ఉన్నప్పుడే రేసు జట్టు టీమ్ లోటస్ ఒక సంస్థ, రోడ్డు కార్లు చేసే లోటస్ మరో సంస్థ. ఆయన నడిపినంతకాలం అది ఎవరికీ ఇబ్బంది కాలేదు. 1994 సీజన్‌తో రేసు జట్టు ఆగిపోయింది, దాని పేరు చేతులు మారింది. 2010లో మలేషియా వ్యాపారవేత్త టోనీ ఫెర్నాండెజ్ ఆ పేరు హక్కులు కొన్నారు. 2011లో ఫార్ములా వన్ కార్ల రేసుల్లో లోటస్ పేరుతో రెండు జట్లు, ఒకటి ఆయనది, ఇంకోటి రోడ్డు కార్ల లోటస్ అండతో నడిచేది, ఒకే ట్రాక్ మీద పరిగెత్తాయి. ఆ ఏడాది మే 27న లండన్ హైకోర్టు ఇద్దరూ ఎవరి పేరు వాళ్లు వాడుకోవచ్చని తీర్పిచ్చింది. 2012కు ఫెర్నాండెజ్ తన జట్టు పేరు కేటరమ్‌గా మార్చుకున్నారు. చాప్‌మన్ పోయి అప్పటికి దాదాపు 30 ఏళ్లు. బతికున్నప్పుడు ఒక మనిషి తన నోటిమాటతో కలిపి ఉంచినవి రెండూ, ఆయన పోయాక ఎంతకాలానికైనా విడిపోతాయి.

మా రాజీ ఇలా కుదిరింది. పేరు కుటుంబానిదే అని నేను రాసిచ్చాను. ఆ మాట రాయడానికి నాకు మనసొప్పలేదు, ఇప్పటికీ దాచను. వాళ్లు నాకు ఆ పేరు వాడుకునే లైసెన్స్ ఇచ్చారు, ప్రతి పనిలో కొంత వాటా వాళ్లకు. పాత 11 కార్లకు అంతకుముందు తీసుకున్న అడ్వాన్సుల లెక్క ముందు తేలాలని, ఆ కార్లు పూర్తయ్యేదాకా కొత్త కారు తీసుకోకూడదని షరతు. పంచ్ సెట్ నా దగ్గరే, రిజిస్టరు అమ్మగారి దగ్గరే. ప్లేటు కొట్టాలంటే రిజిస్టరులో ఇద్దరి సంతకాలూ పడాలి. ఏడాదికి రెండుసార్లు వాళ్లబ్బాయి వచ్చి పూర్తయిన కార్లు చూస్తాడు. ఈ చివరిది నా లాయర్ పట్టుబట్టి పెట్టించాడు. పేరు ఇచ్చి పని ఎలా ఉందో చూడకుండా వదిలేస్తే, కొన్ని దేశాల్లో ఆ పేరు మీద హక్కే పోయే ప్రమాదం ఉందట. మొదట్లో అబ్బాయి వచ్చినప్పుడు నాకు కోపం వచ్చేది. ఇప్పుడు అతను కార్బొరేటర్ విప్పడం నేర్చుకున్నాడు.

మీరైతే లాయర్ దగ్గరికి వెళ్లేముందు షెడ్డులో ఉన్న ప్రతి కారునూ, దాని విడిభాగాల డబ్బాలనూ ఫోటోలు తీసి, ఏ కారుకు ఏ పని అని రాసుకున్న జాబ్ కార్డులతో సహా లిస్టు రాయండి. ఆ ఓనర్లకు మీరే ఫోన్ చేసి కారు భద్రంగా ఉందని చెప్పండి. వాళ్లకు పేరు గొడవతో పనిలేదు, విప్పేసిన తమ కారు గురించే టెన్షన్. షెడ్డు ఫోన్ నంబరు, వెబ్‌సైటు, మ్యాపుల్లో కనిపించే వివరాలు ఎవరి లాగిన్‌లో ఉన్నాయో చూడండి. మా దగ్గర మ్యాపు వివరాలు ఎప్పుడో మానేసిన ఒక కుర్రాడి ఫోన్లో ఉన్నాయి, వాటిని వెనక్కి తెచ్చుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. బాబాయి చేత ఇప్పటికిప్పుడు ఏ కాగితం మీదా సంతకం పెట్టించకండి, మీరూ పెట్టకండి.

నాన్నగారు చేసిన కార్ల లెక్క, ఏ కారుకు ఏ పని చేశారన్న రికార్డు మీ ఇంట్లో ఉందా, ఆ మెకానిక్ దగ్గరుందా? నాకు తెలిసి అలాంటి షెడ్లలో సగం పుస్తకంలో, సగం పనివాడి తలలో ఉంటుంది. నోటీసు పంపేలోపు ఒక్కసారి అతనికి ఫోన్ చేయండి. మీ లాయరుతో చేయించొద్దు, మీరే చేయండి. నాకు ఆ ఆరు నెలల్లో అమ్మగారి దగ్గర్నుంచి ఒక్క ఫోన్ వచ్చి ఉంటే, ఆ బోర్డు నేనే దింపేసి ఉండేవాణ్ని.