భగ్నప్రేమికుడా, భగ్నప్రేముడా?

సందేహం: ‘దేవదాసు’ సినిమా మీద మా కాలేజీ పత్రికకు వ్యాసం రాస్తూ ‘భగ్నప్రేమికుడైన దేవదాసు’ అన్నాను. మా మాస్టారు ‘భగ్న’ కొట్టేసి ‘విఫల’ అని దిద్దారు. ఏది ఒప్పు? గడ్డం పెంచుకుని తిరిగేవాళ్లందరినీ దేవదాసు అనడం సబబేనా? దేవదాసి అన్న మాటకు ఇది పుంలింగమేనా?
– ఒక పాఠకురాలు

సమాధానం: చివరి రెండూ ముందు తేల్చేద్దాం. రూపాన్ని బట్టి చూస్తే దేవదాసి స్త్రీలింగమే. కానీ ఆ మాట చరిత్ర వేరు, బతుకు వేరు, ఈ పేరుతో దాన్ని ముడిపెట్టకండి. ఇక ఒకడి పేరు పదిమందికి తగిలించడం మనకు కొత్త కాదు. నిద్రపోతే కుంభకర్ణుడంటాం, తగవు పెడితే నారదుడంటాం. దేవదాసు కూడా ఆ వరసలో చేరాడు, చేరనివ్వండి.

అసలు సంగతి ‘ప్రేమికుడు’ దగ్గరుంది. దానికంటే ముందు ‘ప్రేమ’ దగ్గరుంది. ఈ మాటను రోజూ వందసార్లు వాడతాం గానీ దాని పుట్టుక ఎవరూ అడగరు. అణువు నుంచి అణిమ, లఘువు నుంచి లఘిమ, గురువు నుంచి గరిమ, మహత్తు నుంచి మహిమ వచ్చినట్టే ప్రియం నుంచి ప్రేమ వచ్చింది. ‘ఇమన్’ అన్న ప్రత్యయం చేరేటప్పుడు ‘ప్రియ’ కాస్తా ‘ప్ర’ అవుతుందని పాణిని సూత్రం. గురు శబ్దం ‘గర్’ అయ్యేదీ ఆ సూత్రంతోనే. ప్ర, ఇమ కలిసి ప్రేమ. అంటే అష్టసిద్ధుల్లో చెప్పుకునే అణిమ, మహిమ, గరిమ, లఘిమలకు ప్రేమ తోబుట్టువు! గరిమ అంటే బరువుగా ఉండటం, ప్రేమ అంటే ప్రియంగా ఉండటం. ఇది తెలిసిన రోజు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ప్రేయసి కూడా ఈ ఇంటి పిల్లే. ఆ మాటకు ‘మరింత ప్రియమైనది’ అని అర్థం. లోకంలో ప్రియమైనవి ఎన్నో ఉండొచ్చు, వాటన్నిటికంటే ఒక మెట్టు పైన ఉన్నది ప్రేయసి. ఇంత మంచి మాటను పాటల్లో ప్రాస కోసం అరగదీసి వదిలేశారు.

మరి ప్రేమికుడు? రసం ఉన్నవాడు రసికుడు, ధనం ఉన్నవాడు ధనికుడు కాబట్టి ప్రేమ ఉన్నవాడు ప్రేమికుడు అనుకుంటాం. కానీ రస, ధన శబ్దాలు అకారాంతాలు, మన ‘ప్రేమ’కు సంస్కృత మూలమైన ప్రేమన్ నకారాంతం. ఆ ‘ఇక’ దీనికి నేరుగా అతకదు. సంస్కృతంలో ఉన్న రూపం ప్రేమి. ప్రేమిక్, ప్రేమిక అన్నవి బెంగాలీలో, హిందీలో బాగా తిరిగిన మాటలు. బెంగాలీ నవలలు విరివిగా తెలుగులోకి వచ్చిన కాలంలో ఇవీ వచ్చి ఉంటాయని నా ఊహ. వచ్చాక మన భాష ఊరుకోలేదు. ధీరురాలు, గుణవంతురాలు పక్కన ‘ప్రేమికురాలు’ అని కూర్చోబెట్టింది. రుగాగమం (‘ఆలు’ ముందు ‘ర’ వచ్చి చేరడం) దాకా వచ్చిన మాటను పరాయిదని ఎలా వెళ్లగొడతాం? నేనైతే వెళ్లగొట్టను.

ఇక్కడ ఒక తేడా గమనించండి. ప్రియుడు అంటే ప్రీతి కలిగించేవాడు. ఎదుటి మనసుకు ఇష్టుడైతేనే వాడు ప్రియుడు. ప్రేమికుడు అంటే తాను ప్రేమించేవాడు, అవతలివాళ్లు ఏమనుకున్నా సరే. పార్వతికి దేవదాసు చివరిదాకా ప్రియుడే. పెళ్లి జరగలేదు, అంతే. ప్రేమ ఎక్కడ విఫలమైంది? అందుకే మీ మాస్టారి దిద్దుబాటు నాకు నచ్చలేదు. ఆ ‘విఫల’ కూడా ‘లవ్ ఫెయిల్యూర్’ వాసన కొడుతోంది. ఈ మధ్య కుర్రాళ్లు ‘వాడు లవ్ ఫెయిల్యూర్ రా’ అంటున్నారు. ప్రేమ ఫెయిల్ కావడం పోయి మనిషే ఫెయిల్యూర్ అయిపోయాడు. పరీక్ష తప్పినవాణ్ణి కూడా మనం అలా అనకూడదు, ఇక మనసు విరిగినవాణ్ణి అంటామా?

ఇక భగ్నం. విరిగిన ప్రేమ కలవాడు అని మీ ఉద్దేశమైతే బహువ్రీహి చేసి ‘భగ్నప్రేముడు’ అనాలి. మహాత్మన్ నుంచి మహాత్ముడు వచ్చినట్టే ఇదీ. దీనికి సాక్ష్యం మరెక్కడో వెతకనక్కర్లేదు, మీ సినిమాకు మూలమైన ‘దేవదాసు’ నవలలోనే ఉంది, బెంగాలీ రచయిత శరత్ చంద్ర ఛటర్జీ, అదే మన శరత్ బాబు రాసినది. 1917లో అచ్చయిన ఆ నవల చివర ఆయన పాఠకులతో నేరుగా మాట్లాడతాడు. దేవదాసులాంటివాడు ఎప్పుడైనా తారసపడితే వాడి కోసం కాస్త ప్రార్థించమంటాడు. అక్కడ వాడికి వాడిన మాటలు మూడు: హతభాగ్యుడు, అసంయమి, పాపిష్ఠుడు. హతమైన భాగ్యం కలవాడు హతభాగ్యుడు. ‘హతభాగ్యికుడు’ అనలేదు కదా! భగ్నప్రేముడి అచ్చు అదే. కథంతా చెప్పిన రచయిత చివరికి ప్రేమ మాటే ఎత్తలేదు చూశారా? భాగ్యం లేదన్నాడు, నిగ్రహం లేదన్నాడు. వాడి మీద కోపం, జాలి రెండూ ఆ మూడు మాటల్లో పట్టాయి.

శరత్‌ను చక్రపాణి తెలుగు చేశాక ఆయన తెలుగువాడే అనుకున్నవాళ్లు ఎందరో. 1953లో వేదాంతం రాఘవయ్య తీసిన సినిమాలోనూ అదే జరిగింది. పార్వతి ‘దేవదా’ అని పిలుస్తుంది. బెంగాలీలో ఆ ‘దా’ అన్నను పిలిచే ‘దాదా’లోది, పెద్దవాడి పట్ల చనువు, మర్యాద కలిసిన పిలుపు. మనవాళ్లకు అది ముద్దుగా కుదించిన పేరులా వినపడింది, అయినా తీపి తగ్గలేదు. చంద్రముఖి కలకత్తాలో ఉండి క్షేత్రయ్య పదం ‘ఇంత తెలిసియుండి’ పాడుతుంది. నా ప్రాణం ఆ పదం దగ్గర ఆగిపోతుంది. క్షేత్రయ్య నాయిక ప్రియుణ్ణి నిందించడానికి భగ్నం, విఫలం లాంటి బరువు మాటలు వెతుక్కోదు. ఇంత తెలిసి కూడా ఈ గుణమేమిటి అని అడుగుతుంది. ‘ఈ గుణమేలరా’ అన్న ఆ ఒక్క ‘రా’లో చనువు, నిష్ఠూరం, ఇంకా తెగని ఆశ అన్నీ ఉన్నాయి. మువ్వ ఊరి పదకర్తకు తెలిసిన ఈ తెలుగు మనకెందుకు జారిపోతోంది? వలపు, కూరిమి, చెలిమి, ప్రేముడి అని ఇన్ని మాటలున్నాయి. ‘ప్రేముడి’ అంటే ఈనాటి పిల్లలకు ఎవరో మనిషి పేరులా వినిపిస్తుంది, అదీ ప్రేమే.

మళ్లీ మీ వాక్యానికి వస్తాను. ‘భగ్నప్రేమికుడు’ను ఉన్నదున్నట్టు కర్మధారయంగా విప్పితే భగ్నుడైన ప్రేమికుడు అవుతుంది. విరిగింది ప్రేమ కాదు, మనిషి. నవల చివర దేవదాసు రైలు దిగి, ఎడ్లబండిలో నలిగి, ఒకసారి వస్తానన్న మాట కోసం పార్వతి అత్తవారి ఊరు చేరతాడు. వాకిట్లో చెట్టు కింద పడి ఉంటాడు, నోట మాట రాదు. ప్రేమ విరిగినవాడు ఆ బండి ఎక్కడు. ప్రేమ చెక్కుచెదరలేదు, శరీరమే విరిగింది. కాబట్టి మామూలు వాడుకలో కాస్త తప్పుగా నడుస్తున్న ఈ మాట, దేవదాసు విషయంలో మాత్రం అక్షరాలా ఒప్పు.

వ్యాకరణం గట్టిగా పట్టుకునేవారు ఇంకా అభ్యంతరం చెప్పవచ్చు. ‘ప్రేమికుడు’ ఒప్పుకోనివారికి ‘భగ్నహృదయుడు’ ఉంది. మీరు మాత్రం మీ వ్యాసంలో ‘భగ్న’ను తిరిగి పెట్టుకోండి. మీ మాస్టారికి ఈ జవాబు చూపించండి, ఆయన ఏమన్నదీ నాకు రాయండి.